కడుపులో తెల్ల పొర

ముందే ఒప్పుకుంటున్నాను, గోరంత జరిగితే కొండంత రాసే అలవాటు నాది.

మూడు నెలలుగా కడుపులో మంట. మా నాన్నగారికీ ఇలాంటి మంటతోనే మొదలైంది; కడుపులో కంతితో పోయారు. అందుకే అమలాపురం డాక్టరు గారు "గొట్టం వేసి చూద్దామండీ" అనగానే నా దినాలకి వంటవాణ్ణి కూడా మనసులో కుదిర్చేసుకున్నాను.

పరగడుపున రమ్మంటే మా ఆవిడతో బస్సెక్కి వెళ్ళాను. "ఏవైనా తిన్నారాండీ?" అన్నాడు కాంపౌండరు.

"మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ."

గొంతులో మందు కొట్టి, గోదావరి పాయంత పొడవున్న నల్ల గొట్టం లోపలికి దించారు. పాతకాలం యంత్రం, తెర లేదు. గొట్టం నిండా వెంట్రుకల్లాంటి గాజు పోగులు. కొన్ని వెలుగును లోపలికి తీసుకెళతాయి, మిగిలినవి బొమ్మను బయటికి తెస్తాయి. ఆ బొమ్మ కనిపించేది పై చివర అద్దానికి కన్ను ఆనించిన డాక్టరు గారొక్కరికే. నాకు కనిపించేది ఆయన కనుబొమ్మ.

అది పైకి లేచింది. దిగలేదు.

"తెల్లగా పొరలా ఉందేంటిది?" అన్నారు నర్సుతో.

నాన్నగారికీ మొదట పొరే అన్నారు. నా గుండె రావులపాలెం సెంటర్లో ఇరుక్కున్న లారీలా మోగింది. అప్పుడు గుర్తొచ్చింది. బస్సులో మా ఆవిడ ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది; నా పక్క సీటు పెద్దాయన పొట్లం విప్పి, "మా అమ్మాయింటికండి, ఒక్కటి తీసుకోండి" అంటే పూతరేకు తిన్నాను. పెద్దవాళ్ళు ఇస్తే కాదనడం మా వైపు లేదు. పైగా నోట్లో పెట్టుకోగానే మాయమయ్యేదాన్ని తిండని ఎవరంటారు?

చెబుదామంటే నోట్లో గొట్టం. మడత విప్పినట్టు, కొరికినట్టు చేతులతో అభినయించాను.

"కదలకండీ!" నర్సు నా చేతులు పట్టేసింది.

"నీళ్ళు కొట్టి చూద్దాం" అన్నారు డాక్టరు గారు. కడుపులో చల్లగా తగిలింది. ఆ కనుబొమ్మ కిందికి రావడానికి ఒక యుగం పట్టింది.

"పొర కొట్టుకుపోయింది. కింద చిన్న పుండు, మందులతో మానుతుంది. కంతి లేదండీ."

గొట్టం తీశాక అడిగారు. "పొద్దున్న ఏం తిన్నారు?"

"పూతరేకండీ."

"తినలేదన్నారు?"

"ఆయ్. అది తిండి కాదు కదండీ."

ఆయన గొట్టం పక్కన పెట్టి, "ఆత్రేయపురందా?" అన్నారు.

బయటికొచ్చి ఇదంతా చెబితే మా ఆవిడ, "మీ కడుపులో అబద్ధాలు తప్ప ఇంకేముంటాయండీ!" అని ఆసుపత్రి అదిరేలా నవ్వింది.

ఇందులో పెంచినవి చాలా ఉన్నాయి, కల్పించింది మాత్రం మా ఆవిడ మాటా, ఆ నవ్వూ. లోపలికెళుతూ నేనిచ్చిన వాచీ ఇంకా ఆవిడ గుప్పిట్లోనే ఉంది. విప్పితే అరచేతిలో దాని అచ్చు ఎర్రగా పడి ఉంది.