మూడు వారాలు ఎంచిన భాష, ఒకే ఒక్క ఫోన్ నంబరు

మద్దేడ్‌లో నా దుకాణం పొడవు ఆరడుగులు, అందులో రెండడుగులు నా పొట్టే. మిగతా జాగాలో కంప్యూటరు, ప్రింటరు పెట్టుకుని లోకంలోని దరఖాస్తులన్నీ నింపుతుంటాను. ఆ వేసవిలో మాత్రం ఫారాన్నే పుట్టించాల్సి వచ్చింది.

పక్క ఊళ్లో చింతపండు ఏరే ఆడవాళ్ల సంఘానికి ఒక పెద్దక్క ఉంది. జగదల్‌పూర్ వ్యాపారి ఒకాయన నేరుగా వాళ్ల దగ్గరే కొంటానన్నాడట. ఏ ఇంట్లో ఎన్ని బస్తాలున్నాయో గడువులోగా ఆన్‌లైన్‌లో రాయించాలి, ఆ జాబితా చూసి లారీ పంపుతాడు.

"వానలకు ముందే కావాలె తమ్మీ. తడిస్తే నల్లబడుతది, ఎవలూ ముట్టరు" అంది అక్క. వారం చాలన్నాను.

కంటికి కనబడే ఫారం ఒక్క పూటలో అయిపోయింది. నింపిన వివరాలను సర్వర్లో అందుకుని దాచే ప్రోగ్రామును ఏ భాషలో రాయాలన్న దగ్గర కురుక్షేత్రం మొదలైంది. జగదల్‌పూర్‌లో కంప్యూటరు పాఠాలు చెప్పే మా బామ్మర్ది పైథాన్ అన్నాడు. నాకొచ్చింది పీహెచ్‌పీ. అది ముసలోళ్ల భాష బావా అన్నాడు. ఆ మాట నేరుగా నా నెరిసిన మీసానికి తగిలింది. పంతం పట్టి జావాస్క్రిప్టు అనే మూడో భాషలోకి దూరాను. ఈ దండకారణ్యంలో రాముడు కూడా అంతగా దారి తప్పి ఉండడు. మూడు వారాల తర్వాత, అద్దె సర్వర్లో ముందే ఉందన్న ఒక్క కారణంతో, మళ్లీ పీహెచ్‌పీ దగ్గరికే వచ్చాను.

ఒకరే రెండుసార్లు రాయించకుండా ఒక నియమం పెట్టాను. అదే ఫోన్ నంబరు మళ్లీ వస్తే పాత వివరాలు చెరిగి కొత్తవి నిలుస్తాయి. ఆ తెలివికి నన్ను నేనే సన్మానించుకున్నాను.

ముప్పై ఏడుగురు వచ్చి చెప్పారు, నేను కొట్టాను. ప్రతిసారీ 'నమోదైంది' అని పచ్చటి అక్షరాలు. అందరినీ ముందు కానిచ్చి అక్క ఆఖరున రాయించుకుంది.

వాళ్ల ఊళ్లో సిగ్నల్ అందేది ఒక్క ఇప్పచెట్టు దగ్గరే. కొమ్మకు కట్టిన అక్క ఫోనే ఊరందరి ఫోను. ఎవరినడిగినా ఆ నంబరే చెబుతారు. పదేళ్లుగా నేనూ దానికే చేస్తున్నాను. నా వేళ్లు దాన్ని ముప్పై ఏడుసార్లు కొట్టాయి, బుర్రకు మాత్రం ఒక్కసారీ తట్టలేదు.

గడువు దాటాక వ్యాపారి తెరిచిన జాబితాలో ఉన్నది ఒక్క పేరు, రెండు బస్తాలు. ఫోన్లో నాకు వచ్చిన హిందీ అంతా ఖర్చుపెట్టి బతిమాలాను. లారీలు వేరే దిక్కు వెళ్లిపోయాయన్నాడు.

మొదటి వాన పడిన రోజు అక్క తడిసిన కొంగుతో వచ్చింది. జరిగిందంతా చెప్పాను.

"నీ బామ్మర్ది చెప్పిన దాంట్ల రాస్తే ఇట్ల కాకపోవునా?"

"దేంట్ల రాసినా ఇట్లనే అయ్యేదక్కా."

"మరి మూడు వారాలు ఏంది నువ్వు ఎంచింది?"

ఆ జాబితా కాగితం మీద తీసిమ్మంది. ప్రింటరు, ఎన్నడూ లేనిది, మొదటిసారికే పనిచేసింది. అక్కకు చదువు రాదు గానీ తన పేరును గుర్తుపడుతుంది. అక్కడున్నది అదొక్కటే.

"అందరి పేర్లు కొట్టేయించి నా ఒక్కదాన్నే ఉంచుకున్నననుకుంటరు తమ్మీ" అని, కాగితాన్ని మడిచి తడి కొంగులో కట్టుకుంది.