తొడిమల బహుమతి

బీరువా మీది అట్టపెట్టె దించి మూత తీయగానే వరసగా మూడు తుమ్ములు వచ్చాయి. లోపల ఉన్నవి మిరపకాయలు కావు, కథల రాతప్రతులు. ఏటా మిరపకాయల షెడ్డులో కూర్చుని వచ్చిన కాగితాలు కాబట్టి ఘాటు వాటిని ఇంకా వదల్లేదు. "సలోమి టీచర్ గారి పెట్టేనా?" అన్నారు మావారు పక్కగదిలోంచి. తుమ్ముల్ని బట్టే కనిపెట్టేశారు.

సలోమి గారు ప్రత్తిపాడులో తెలుగు టీచరుగా రిటైరై, తొంభైల చివర్లో ఈ కథల పోటీ పెట్టారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళెవరైనా రాయవచ్చు. గెలిచినవాళ్ళకు ఒక శాలువా, ఒక బుట్టెడు ఎండుమిరపకాయలు. మొదటి రెండేళ్ళూ ఇద్దరు లెక్చరర్లు మార్కులు వేశారు. వాళ్ళు మెచ్చిన కథలు ఊళ్ళో ఒక్కరికీ రుచించలేదు. మూడో ఏడు ఆవిడకు ఒళ్ళు మండింది. లెక్చరర్లు ఏరిన ఐదు కథలూ పట్టుకుని, మిరపకాయల షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళ మధ్య కుర్చీ వేయించుకున్నారు. రాసినవాళ్ళ పేరు చెప్పకుండా చదవడం, ఏ కథకు చేతులు ఆగితే దానికే బహుమతి. అక్కడ తీసిన కాయల తూకాన్ని బట్టి కూలి, ఊరికే ఎవరి చేతులూ ఆగవు. తొడిమల బహుమతి అని జనం వెక్కిరిస్తే, ఆవిడ ఆ పేరే కరపత్రాల మీద అచ్చు వేయించారు.

తర్వాతి ఏడు ఆవిడ గొంతు బాగాలేక చదివే పని నాకు అప్పజెప్పారు. ఆవిడ పనిచేసిన బళ్ళోనే నేను కొత్త టీచర్ని. వయసు ఇరవై ఆరు, పొగరు మాత్రం రిటైరయ్యే వయసుది. ఆవిడకు చెప్పకుండా నేనూ ఒక కథ పంపాను. ఈసారి శాలువా రాకపోతే ఇక కలం ముట్టనని మావారి దగ్గర శపథం కూడా చేశాను. లెక్చరర్లు నా కథకే ఎక్కువ మార్కులు వేశారు. ఇంకేం, గెలిచేశాననుకున్నాను.

కూతుర్ని పోగొట్టుకున్న ఒక మిరపకాయల కూలీ కథ అది. చదువుతుంటే చేతులు నెమ్మదించాయి. "ఆమె కాయలు పక్కన పెట్టి, రెండు అరచేతులతో కన్నీళ్ళు తుడుచుకుంది" అని చదవగానే షెడ్డులో చేతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. శాలువా నాదేననుకున్నాను.

"ఆ చేతుల్తోనే?" అంది అందరికంటే పెద్దదైన మరియమ్మ.

"అవును."

"అయితే కళ్ళు పోయుంటయ్యే పాపం" అందామె. షెడ్డంతా గొల్లుమంది. "కాయల చేత్తో కళ్ళెవరు తుడుచుకుంటారమ్మా? మాకు ఏడుపొస్తే ఇట్టా" అంటూ తల వంచి, కంటిని భుజం మీది జాకెట్టుకు రుద్ది చూపించింది.

బయటికి వచ్చాక సిగ్గు లేకుండా అడిగాను. "చేతులు ఆగాయి కదండీ, టీచర్ గారూ?"

"ఆగాయి. కథకు కాదు, నీ తప్పుకు. నీదేనని నీ గొంతు వణికినప్పుడే తెలిసిందిలే."

ఆ ఏడు శాలువా దర్శి నుంచి రాసిన ఒక టైలరు భుజానికెక్కింది. రాయడం మానేస్తానని ఏడ్చాను.

"మానెయ్" అన్నారావిడ. "ముందు పదిరోజులు ఇక్కడ కూర్చుని తొడిమలు తియ్. అప్పటికీ మానాలనిపిస్తే మానుదువుగాని."

రోషం కొద్దీ ఎండాకాలం సెలవుల్లో వెళ్ళాను. రెండోరోజే మరిచిపోయి కన్ను నలుపుకున్నాను. మరియమ్మ మొహాన నీళ్ళు కొడుతూనే నవ్వింది. ఆ పదిరోజుల్లో నా కథలో ఇంకా ఎన్ని అబద్ధాలున్నాయో ఒక్కొక్కటిగా తెలిసొచ్చింది. ఇంటికెళ్ళి మొదటి నుంచి తిరగరాశాను. కూలీని కాకుండా, కూలీల కథ తెలుసనుకున్న ఒక టీచర్ని పెట్టి రాశాను. రెండేళ్ళకు ఆ కథకు చేతులు ఆగాయి. ఎవరూ నవ్వలేదు. శాలువా కప్పుతూ టీచర్ గారు "ఇప్పుడు మానెయ్, చూద్దాం" అన్నారు.

ఆవిడ పోయాక పోటీ నా చేతికి వచ్చింది. ఏటా జరుపుతున్నాను, బాగానే జరుపుతున్నాను. పెద్దపేరున్న రచయితల కథలు కూడా ఆ షెడ్డులో ఓడిపోయాయి. సిఫారసు ఉత్తరాలకు జవాబు ఇవ్వను.

ఆవిడను సమాధి చేసిన రోజు షెడ్డులో పని ఆపి అందరూ వచ్చారు. స్నానం చేసి, ఆదివారపు చీరలు కట్టుకుని వచ్చారు. పాట మొదలవగానే మరియమ్మ తల వంచి కంటిని భుజానికి తుడుచుకుంది. వెనకే మిగతావాళ్ళూ. అప్పటికి నేను మిరపకాయ ముట్టి ఏడాది దాటింది, నా చేతులకు ఉత్త సబ్బు వాసనే. అయినా చెయ్యి పైకి లేవలేదు. నేనూ భుజానికే తుడుచుకున్నాను.