కాలర్ మైకు

మా అక్క కూతురు మొన్న ఫోనులో మూడు మైకుల ఫొటోలు పంపి, "మావయ్యా, చిన్న గదిలో టాక్ షో పెడుతున్నాను. వీటిలో ఏది కొనమంటారండీ?" అని అడిగింది. వాటిలో ఒకటి కాలర్ మైకు. మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కేబుల్ టీవీ కొత్తలో రాజమండ్రిలో సందుకో చానల్ ఉండేది. పాత బియ్యం కొట్టు గోడలకి గోనెపట్టాలు కొట్టి దాన్నే స్టూడియో అనుకున్న ఒక చానల్లో నేను సౌండు చూసేవాణ్ణి.

బల్ల మీద మైకు పెడితే మనిషి కన్నా ఫ్యానే ఎక్కువ మాట్లాడేది, పోనీ ఫ్యాను ఆపుదామా అంటే ఉక్కకి వచ్చిన పెద్దమనిషి పౌడరంతా కారిపోయేది. చేతి మైకు ఇస్తే కొందరు నోట్లో పెట్టుకున్నంత పని చేసేవారు, కొందరు ఒళ్ళో పడేసి చేతులు తిప్పుతూ మాట్లాడేవారు. చివరికి నేనే పట్టుబట్టి కాలర్ మైకులు తెప్పించాను. చొక్కాకి గుచ్చామంటే కాసేపటికి అది ఉందన్న సంగతే మర్చిపోయి ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడతారని యజమానికి గొప్పగా చెప్పాను. నా నోరు పడిపోను, అప్పుడెంత మురిసిపోయానో!

ఆ వానాకాలం వరదల మీద కార్యక్రమానికి మా బావని, అంటే అక్క భర్తని పిలిచాం. ఏటిగట్టుకి కాపలా తిరిగే లస్కరు ఆయన, గట్టుకి ఎక్కడ బొరియ పడినా ముందు ఆయనకే తెలిసేది. లైవులో మాత్రం పై ఆఫీసర్లు వింటారని, గట్టుకేమీ ఢోకా లేదని ఒద్దికగా చెప్పాడు. అంతలో ప్రకటనలు మొదలయ్యాయి. బావగారు మొదటిసారి మన గడప తొక్కితే కాఫీ ఇంకొకరి చేత పంపిస్తామా? సౌండు మిక్సరు వదిలేసి గ్లాసు నేనే పట్టుకెళ్ళాను. ఆయన మైకు తగ్గించడం మర్చిపోయాను.

"గట్టు అడుగున ఇసకంతా తోడేస్తున్నార్రా. ఈసారి ఆగదు. లారీలెవరివో నీకూ తెలుసుగా," అని పేరు కూడా చెప్పాడు. చీరల కొట్టు ప్రకటన మీదుగా ఆ మాట ఊరంతా వినబడింది. వెంటనే ఆఫీసు ఫోను మోగింది. అవతలివాళ్ళు ఎంతో మర్యాదగా, "ఇందాక మాట్లాడినాయనది ఏ ఊరండీ?" అని మాత్రం అడిగి పెట్టేశారు.

జరిగింది చెబితే బావ నన్ను తిట్టలేదు. కాఫీ సగంలో వదిలేసి, "మీ అక్కకి చెప్పకు, కంగారుపడుద్ది" అని బస్సెక్కాడు. నాలుగో రోజు పొద్దున ఆయన సైకిలు గట్టు మీద స్టాండు వేసి ఉంది. కాలుజారి ఏట్లో పడ్డాడన్నారు. ఇరవై ఏళ్ళు ఆ గట్టు మీదే నడిచిన మనిషి!

అప్పటికి నా మేనకోడలు చంటిపిల్ల. తండ్రి టీవీలో బెదరకుండా నిజం చెప్పాడని వింటూ పెరిగింది, ఆ గర్వంతోనే ఇప్పుడు ఈ షో పెడుతోంది. పొరపాటు నాదని ఇన్నేళ్ళూ చెప్పలేకపోయాను. పిరికివాణ్ణి, ఒప్పుకుంటున్నాను.

నేను జవాబివ్వకపోయేసరికి కాలర్ మైకులే కొనేసుకుంది. మొదటి అతిథి, ఆ గట్టు మీద ఇప్పుడున్న లస్కరట, ఆయనకీ చిన్నపిల్లలున్నారట. మా రోజుల్లో తీగ ఎంతవరకుంటే మాట అంతవరకే వెళ్ళేది, ఇప్పుడు నోరు దాటిన మాట ఎవరి ఫోనులో భద్రంగా ఉంటుందో ఎవరికి తెలుసు? అప్పుడు చాటుమాటుగా తిరిగిన లారీలు ఇప్పుడు పట్టపగలే తిరుగుతున్నాయి. షో ఆదివారం. రేపే వెళ్ళి మేనకోడలికి అంతా చెప్పేస్తాను. ఆ తరవాత అది నా మొహం చూసినా సరే, చూడకపోయినా సరే.