అవ్వ పడితో హరూరుకు

కొత్త ఊరికి పోతే నా కళ్లు మొదట వెతికేది ధాన్యం అంగట్లో కొలపాత్రలను, మావాళ్లు పడి అనేవాటిని. అంచు అరిగిన పడి కనిపిస్తే చేతిలోకి తీసుకుని చూడాలనిపిస్తుంది. అడగడానికి సిగ్గు. దూరం నుంచే చూసి వచ్చేస్తాను. ఈ పిచ్చి గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

2004 వేసవిలో తమిళనాడులోని హరూరుకు వెళ్లింది మాత్రం అందుకు కాదు. అక్కడ మా చిన్నవ్వ మంచం పట్టింది. ఆమె అక్క, అంటే మా అవ్వ, ఏడాదిగా మనుషుల్ని మరిచిపోతోంది. చిన్నవ్వ పోకముందే అవ్వ ఒక్కసారైనా ఆమెను గుర్తుపట్టాలని నా ఆశ.

తెల్లవారగానే అవ్వా నేనూ మా సోగత్తూరులో బయలుదేరి, ధర్మపురి బస్టాండులో ఇడ్లీ తిని, ఎనిమిదింటి హరూరు బస్సు ఎక్కాం. అవ్వ ఒళ్లో ఆమె ఇనుప పడి. కూలి ధాన్యంగా ఇచ్చిన రోజుల్లో కళ్లంలో అందరికీ కొలిచింది అవ్వే. ఆ పడి లేకుండా గడప దాటదు.

"ఏమవ్వా, దానికి టికెట్టు వద్దా?" అన్నాడు కండక్టరు.

"అర టికెట్టు కొట్టు నాయనా, చంటిబిడ్డ!"

బస్సంతా నవ్వింది. పక్క సీటులో కడత్తూరుకు పోతున్న ఒకామె పడిని తట్టి చూసింది. "మా పక్క పడి దీనికన్నా పెద్దది పాపా. కూలి ఇచ్చేటప్పుడు మాత్రం చిన్నది బయటికి వచ్చేది."

ఊరికొక పడి ఉన్న కాలం నుంచి అంతటా ఒకే కిలో, ఒకే లీటరు వచ్చేదాకా ఈమెలాంటి వాళ్లు ఎన్ని గింజలు పోగొట్టుకున్నారో అనుకున్నాను.

పదిన్నరకు హరూరులో దిగాం. ఉత్త చేతులతో పోలేక రాగులు కొనడానికి ఒక అంగట్లో ఆగాం. పడి లెక్కన ఇస్తారా అని సిగ్గు పక్కన పెట్టి అడిగాను.

"పడి యాడుండాదమ్మా? సర్కారు ముద్ర లేనిది పెట్టుకుంటే తూకాల ఆఫీసరు ఎత్తుకపోతాడు. ఇప్పుడంతా కిలోనే." ఎనిమిది కిలోలు తూయించి సంచికి పోయించుకున్నాను.

చిన్నవ్వ మంచం వసారాలో ఉంది. అవ్వ చాలాసేపు చూసి నా వైపు తిరిగింది. "ఎవురు పాపా ఈయమ్మ? ఒళ్లు బాగలేదా?"

చిన్నవ్వ గోడవైపు ముఖం తిప్పుకుంది. మళ్లీ ఇటు తిరిగి తనే అంది. "రాగులు కొలువక్కా. చిన్నప్పటి మాదిరి నువ్వు కొలువు, నేను లెక్క పెడతా."

కొలిచేటప్పుడు మావాళ్లు మొదటి పడిని ఒకటి అనరు, లాభం అంటారు. రెండో పడి నుంచే అంకెలు. అవ్వ చేట ముందు కూర్చుని సంచిలో పడి ముంచింది. చేతి ఒడుపు ఏమీ తగ్గలేదు.

"లాభం," అంది.

రెండో పడి పోసింది. "లాభం."

"రెండక్కా."

మూడోదీ లాభమే. చిన్నవ్వ ఇక దిద్దలేదు. నాలుగో పడికి ఆమె కూడా అవ్వతో పాటే "లాభం" అంది. సంచి ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ అదే మాట. చిన్నవ్వ కళ్లు తుడుచుకోవడానికి చేయి ఎత్తలేకపోయింది. నేను తుడిచాను.

మూడింటికి తిరుగు బస్సు దొరికింది. హరూరు పోయేవాళ్లు భోజనానికి ఇబ్బంది పడనక్కర్లేదు, బస్టాండు దగ్గరే హోటళ్లున్నాయి. ధర్మపురికి బస్సులూ బాగానే ఉన్నాయి. నాకు మాత్రం ఆ ఊరు ఒక వసారాగానే మిగిలిపోయింది, అందులో ఒక్కటై పలికిన రెండు ముసలి గొంతులతో.

అవ్వ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఊరు దాటాక నా మోచేయి పట్టుకుంది.

"ఆ మంచం మీద ఉండే అమ్మ మంచిది పాపా. గొంతు అచ్చం మా చెల్లెలి మాదిరే ఉండాది. పొద్దు ఉండంగానే చెల్లిని కూడా చూసేసి ఇంటికి పోదామా?"