చింతపిక్కల కొట్లో ఇన్‌స్పెక్టరు గారి బూట్లు

లేదండీ, నేనొప్పుకోను. "చిన్నపిల్లలు, వాళ్ళకేం తెలుసు" అని మీరు ఎన్నిసార్లన్నా ఒప్పుకోను. తెలియక కాదు, తెలిసే నా కొంప ముంచారు. నేను చెప్పిన పాఠం పొల్లు పోకుండా నేర్చుకుని మరీ ముంచారు. పాఠం ఒంటపట్టని పిల్లలు దొరికిన టీచర్లు ఎంత అదృష్టవంతులో వాళ్ళకి తెలియదు. ఏలూరు దిగువన, కొల్లేటి గట్టున, ఓ మిషను బడిలో నాకు జరిగిన సర్వనాశనం వింటే మీరు మీ పిల్లల్ని రేపే బడి మాన్పిస్తారు.

నేను చెన్నపట్నంలో పుట్టి పెరిగినదాన్ని. ట్రాము గంట తప్ప కోడికూత ఎరగను. కిండర్‌గార్టెన్ ట్రైనింగు పూర్తిచేసి, ఆ ట్రైనింగు పుస్తకం చేత్తో పట్టుకుని ఆ ఊళ్ళో దిగాను. అన్నం తింటున్నా ఎడంచేతిలో ఆ పుస్తకమే. దానికి తోడు నా కోపం ఒకటి. కాగిన నూనె మూకుడులాంటిది. ఆవగింజ పడితే చాలు, ఇల్లంతా చిటపటలే.

హెడ్మాస్టరు దేవసహాయం గారు మొదటిరోజే మెత్తగా చెప్పారు.

"చూడండమ్మా, ఈ శిశుతరగతి కొత్తదండి. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి బాగుందంటే తరగతీ ఉంటుంది, మీ ఉద్యోగమూ ఖాయమవుతుందండి. లేదంటే..."

"లేదంటే?"

"రైలు ఎలాగూ ఉందండి."

అక్కడ చెన్నపట్నంలో మా మేనత్త అరుగు మీద కాసుకు కూర్చుంది, "దీని నోటికి ఏ ఉద్యోగమూ నిలవదని నేను చెప్పలా" అనడానికి. కాబట్టి ఎలాగైనా నిలవాలి.

పుస్తకంలో ఉన్నట్టే చేశాను. పిల్లలు ఆడుతూ, చేత్తో చేసి నేర్చుకోవాలట. తొట్టిలో నీళ్ళు పోసి ఏవి తేలతాయో, ఏవి మునుగుతాయో వాళ్ళ చేతే వేయించి చూపించాను. వరండాలో బల్ల వేసి కొట్టు పెట్టించాను. బంకమట్టి వంకాయలు, కొబ్బరిచిప్పల తక్కెడ, డబ్బులకి బదులు చింతపిక్కలు. కొట్టు యజమానురాలు సుబ్బులు. ఆరేళ్ళది. ముందుపళ్ళు రెండూ ఊడాయి కానీ బేరంలో మాత్రం కోరలున్నాయి.

కొట్టు తెరిచిన మర్నాడే గొడవ. సుబ్బులు తన తాటిటెంక బొమ్మని బల్ల మీద పెట్టి ఏసోబుకి అమ్మేసి, ఆ తర్వాత రాగం తీసింది. ఏసోబంటే లంకలోంచి వాళ్ళ నాన్న దోనెలో బడికొచ్చే బుడతడు.

"నా బొమ్మ నాకిప్పించండి టీచరుగారండీ. ఊరికే పెట్టానండీ."

ఎండ, ఏడుపు, ఈగలు. మూకుట్లో ఆవగింజ పడింది.

"ఊరికే పెట్టడమేమిటి? బల్ల మీద పెట్టిందేదైనా సరుకే. అమ్మితే అమ్మినట్టే. దేవుడొచ్చి అడిగినా వెనక్కిచ్చేది లేదు. ఏదీ, అందరూ అనండి."

అందరూ అన్నారు. నాకు ఎంత ముచ్చటేసిందంటే, రోజూ ప్రార్థన కాగానే అది కూడా అనిపించాను. గొయ్యి తవ్వుకోవడమే కాదు, అందులోకి మెట్లు కూడా కట్టుకున్నానన్నమాట.

వానలు మొదలయ్యాక ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. ఏలూరులో ఎక్కిన జట్కా సగం దారిలో దిగబడితే, మిగతా గట్టంతా నడిచారు. నెత్తిన జరీ తలపాగా, కాళ్ళకి బూట్లు ఉండాల్సిన చోట రెండు బురదముద్దలు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మా బడిలో తొక్కింది ఆయన, కడిగింది నేను. వద్దమ్మా వద్దమ్మా అంటున్నా వినకుండా బూట్లు లాక్కుని, కడిగి, తుడిచి, ఎండ తగిలేచోట ఆరబెట్టాను. మా వరండాలో ఎండ తగిలేచోటు ఒక్కటే. అది ఎక్కడో మీకీపాటికి తెలిసిపోయుంటుంది. నాకే తెలియలేదు.

సగంమంది పిల్లలు కొట్టు దగ్గర, సగంమంది లోపల. లోపల పరీక్ష బ్రహ్మాండంగా సాగింది.

"ఇనుప మేకు?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"మునుగుద్దండి."

"ఎండు సొరకాయ?"

"తేలుద్దండి."

ఆయన మీసాల్లో నవ్వు కనబడింది. నేను అప్పుడే మా మేనత్తకి చెప్పాల్సిన జవాబు మనసులో కూర్చుకుంటున్నాను. మధ్యాహ్నం గంట కొట్టారు. ఆయన వరండాలోకి వచ్చి అటూ ఇటూ చూశారు.

"ఏవండీ టీచరమ్మగారూ, నా బూట్లు ఎక్కడండి?"

బల్ల మీద మట్టి వంకాయలున్నాయి. బూట్లు లేవు. సుబ్బులు ఒళ్ళో చింతపిక్కలు పోసుకుని కూర్చుంది.

"ఇక్కడి బూట్లేవే?"

"అమ్మేశానండి."

"ఎవరికే?"

"ఏసోబుకండి. గుప్పెడు పిక్కలకి అడిగాడండి. రెండు గుప్పిళ్ళయితే గానీ ఇవ్వనన్నానండి."

"నిన్నెవరు అమ్మమన్నారే?"

"బల్ల మీద పెట్టారు కదండీ."

"ఎవరు పెట్టారు?"

"మీరేనండి."

దేవసహాయం గారు గోడవైపు తిరిగి దగ్గారు. నా గొంతు కొల్లేరు దాటి మండవల్లి దాకా వినపడి ఉంటుంది. "వెంటనే వెనక్కి తెప్పించు."

సుబ్బులు లేచి చేతులు కట్టుకుంది. మిగిలినవాళ్ళూ వరసలో నిలబడి ప్రార్థన గొంతుతో అందుకున్నారు. "బల్ల మీద పెట్టిందేదైనా సరుకే. అమ్మితే అమ్మినట్టే. దేవుడొచ్చి అడిగినా..."

"దేవుణ్ణి కాదమ్మా, ఇన్‌స్పెక్టర్ని," అన్నారాయన.

సుబ్బులు నావైపు తిరిగింది. "ఈయన దేవుడికన్నా పెద్దాండీ?"

ఏం చెప్పమంటారు? ఉద్యోగం చూస్తే అవుననాలి, మిషను బడి చూస్తే కాదనాలి. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్నారు కదా. ఆయన జుట్టు తలపాగాలో ఉంది. కాళ్ళు పట్టుకుందామంటే, వాటికి బూట్లు లేకుండా చేసిందే నేను.

అంతలో ఏసోబు వచ్చాడు. తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళు కారుతున్నాయి. గుండెకి ఒక బూటు హత్తుకున్నాడు.

"రెండోదేదిరా?"

"కొల్లేట్లో వదిలి చూశానండి. ఖాళీది తేలిందండి. నత్తలు పోసింది మునిగిందండి." అని ఇన్‌స్పెక్టరు గారివైపు తిరిగి వినయంగా అన్నాడు, "ఇందాక కిటికీలోంచి విన్నానండి. మీరు మేకు అడిగారు, సొరకాయ అడిగారు, బూటు అడగలేదండి. అందుకని చూసొచ్చాను."

ఆయన ఆ ఒంటి బూటులోంచి నీళ్ళు వంపారు.

"దేవసహాయం గారూ, ఈ తరగతి ఉంచండి. పాఠం ఇంత బాగా ఎక్కిన పిల్లల్ని నేనెక్కడా చూడలేదండి."

నా ప్రాణం లేచొచ్చింది.

"టీచరమ్మగారికే ఇంకా ఎక్కలేదు. మళ్ళీ ఓ ఏడాది ట్రైనింగుకి పంపండి."

ఒంటి బూటు చంకన పెట్టుకుని, ఉత్తకాళ్ళతో గట్టు మీద కొంగలా అడుగులేసుకుంటూ వెళ్ళిపోయారు. తరగతి తేలింది. నేను మునిగాను.

ఇప్పుడు చెన్నపట్నంలో అదే బెంచీ, అదే పుస్తకం, పక్కన నాకన్నా చిన్నవాళ్ళు. మా మేనత్త ఒకసారి అనాల్సిన మాట పూటకోసారి అంటోంది. అందుకని ఈ పుస్తకం మీద చెయ్యేసి, కొల్లేటి నత్తల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో కోపంలో పిల్లలకి ఒక్క ముక్క చెప్పను, చెప్పినా నేర్చుకోనివ్వను. ఎవరి బూట్లూ కడగను. ఇంతా విన్నాక కూడా "చిన్నపిల్లలు, వాళ్ళకేం తెలుసు" అనేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఏదీ, మీ బూట్లు విప్పి మా సుబ్బులు బల్ల మీద పెట్టగలరా?