వాన కురిసిన అధ్యాయం

కంబదూరులో పంక్చర్లు వేసే రామాంజికి పాత నవలలంటే ప్రాణం. ఈ వేసవిలో మాయలూ మహాయుద్ధాలూ నిండిన, ఇటుకంత లావు నవల ఒకటి చేపట్టాడు. విత్తనానికి శనక్కాయలు ఒలిచేవాళ్లు కొట్టు నీడకు చేరితే పైకి చదివి వినిపించేవాడు. అందులో మబ్బులు మింగిన రాక్షసుణ్ణి రాణి చంపగానే ఆ రాజ్యంలో వాన కురిసింది. ఆ అధ్యాయం ముగిసిన సాయంత్రమే కంబదూరులోనూ నాలుగు చినుకులు రాలాయి.

వానకోసం పురాణం చదివించే ఊరికి అంతకన్నా సాక్ష్యమేం కావాలి? రైతు తిమ్మప్ప ఆ నవలకు పసుపు కుంకుమలు పెట్టి, తన ఇంట్లో దేవుని గూట్లో ప్రతిష్ఠించాడు. రోజూ తన అరుగు మీద ఆ ఒక్క అధ్యాయమే చదవాలని శాసనం. అధ్యాయం చివర గాయాలతో పడిపోయిన రాణి బతికిందో లేదో తెలియక రామాంజికి అన్నం సయించడం లేదు.

"ఒక్క అధ్యాయం ముందుకు పోనీయన్నా" అని బతిమాలాడు.

"దాంట్లో ఎండ కాసిందంటే ఎవురప్పా జవాబుదారి? మనసులో సదివినా సదివినట్లే" అన్నాడు తిమ్మప్ప.

అతని భార్య బయమ్మ లోపలినుంచి పుస్తకం తెచ్చి రామాంజి చేతిలో పెట్టింది.

"సదువు రామాంజీ. ఆ యమ్మకు రగతం కారతాంటే మనం వానా వానా అంటా కూర్చున్యాము. వాన సంగతి మీ అన్న చూసుకుంటాడులే."

తిమ్మప్ప ఆకాశంకేసి ఒకసారి చూసి, వినడానికి దగ్గరికి జరిగాడు.