మామ, మూడు మోటార్లు

మహాజనులారా, ముందుగా సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. స్మృతివ్యాసమంటే కన్నీళ్లు, కీర్తి, కనీసం ఒక శాలువా అయినా ఉండాలి. ఇందులో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. తప్పు నాది కాదు, పోయినాయనది.

ఆళ్లగడ్డలో రాళ్ల మీద పేర్లు చెక్కే మా మేనమామ మొన్న సోమవారం చనిపోయాడు. నంద్యాలలో కాలేజీకి బయల్దేరుతుంటే, ఆయన కొట్టు పక్కన టీ అంగడి ఆమె ఫోన్ చేసింది. "మీ మామ లేడబ్బీ. బేగా రా," అంది.

కొన్నేళ్లుగా మామ చేతికి వణుకు. ఉలిని రాయికి ఆనిస్తే చెయ్యి నిలిచేది, దెబ్బ తప్పేది కాదు. కానీ చెక్కే ముందు అక్షరాలు గీయాలి కదా, ఆ గీతే వంకర పోయేది. పక్కన బీడీల అంగడి సాయిబు మామకు ఉన్న ఒకే ఒక స్నేహితుడు. ఆయన పోతూ పోతూ "నా సమాధి రాయి నువ్వే రాయల్ల" అని మాట తీసుకున్నాడు. రాయి వచ్చింది. గీయలేక మామ దాని మీద తువ్వాలు కప్పి, అటు చూడడం మానేశాడు.

చదువుకున్న మేనల్లుడిగా నేను రంగంలోకి దిగాను. కంప్యూటర్ చెప్పినట్టు పెన్ను నడిపే యంత్రం చేస్తానన్నాను. పాత ప్రింటర్ల నుంచి మూడు స్టెప్పర్ మోటార్లు పీకాను. ఇవి గిర్రున తిరిగే రకం కాదు, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే రకం. ఒకటి పెన్నును అడ్డంగా నడుపుతుంది, ఒకటి నిలువుగా. మూడోది పైకెత్తి పట్టుకుంటుంది. కరెంటు పోతే ఆ పట్టు వదిలి, పెన్ను టప్పున రాయి మీద పడి చుక్క పెడుతుంది.

"సంతకం పెట్టిందిరా అల్లుడూ," అనేవాడు మామ.

మొదట పాత కంప్యూటర్లోని పవర్ సప్లై తగిలించాను. ఇంగ్లీషు హెచ్, ఎల్, టీ జెండా కర్రల్లా వచ్చాయి. తెలుగు 'అ' రాయమంటే సొట్టపడిన చెంబు వచ్చింది.

"ఏందిరా ఇది?"

"అ, మామా."

"యాడుందిరా అ? చూపీ."

నిలువు గీతకు ఒక మోటారు నడిస్తే చాలు. మన అక్షరాలన్నీ గుండ్రం. గుండ్రం తిప్పాలంటే రెండూ కలిసి నడవాలి. రెండూ ఒక్కసారే లాగితే సప్లై కుంగిపోయేది, మోటార్లు అడుగులు మరిచేవి.

నంద్యాల మైక్‌సెట్ల అంగడిలో చెడిపోయిన ఆంప్లిఫయర్ నుంచి లావుపాటి ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాను. వోల్టేజీ పెరిగింది, మోటార్లకు ఉరుకు వచ్చింది. దాంతోపాటు వాటి మీద దోసె పోసుకునేంత వేడీ వచ్చింది. లోపలికి పోయే కరెంటును మోటారు తాహతుకు తగ్గట్టు కట్టేయాలి. మోటార్లకు కరెంటు పంచే డ్రైవర్ బోర్డు మీది బుల్లి స్క్రూ తిప్పుతూ, మోటారును ముట్టి చూస్తూ, ఆదివారాలన్నీ ఆ రెంటికీ సంబంధం కుదర్చడానికే ధారపోశాను.

"నాకు ఎవురూ ఇంత శ్రద్ధగా సంబంధం చూడలేదురా," అన్నాడు మామ. ఆయనకు పెళ్లి కాలేదు.

సాయిబు పేరు గీసిన రోజు మామ స్టూలు మీంచి లేవలేదు. పెన్ను సున్నాలు చుట్టుకుంటూ పోయింది, ఎక్కడా తప్పలేదు. అప్పుడు ఉలి తీశాడు. "ఇంత పొడుగు పేరు ఎవురు పెట్టినార్రా నీకు," అని సాయిబును తిట్టుకుంటూనే చెక్కాడు. రాయి బండెక్కి పోయాక తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

పని అయిపోయింది గనక నేను పోవడం తగ్గించాను. చాన్నాళ్లకు ఒక మధ్యాహ్నం పోతే యంత్రం ఆన్‌లో ఉంది. ఏమీ గీయడం లేదు. మామ మోటారు ఇరుసు మీద వేళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం చేస్తాండావు మామా?"

"ఏం లే. ఉట్టిగానే."

"నడవకపోయినా కరెంటు తాగుతాది అది. వేడెక్కి కాలిపోతాది, ఆపు."

"తిప్పబోతే తిరగదు సూడు," అన్నాడు. "అవతల నుంచి ఎవురో పట్టుకున్నట్టుంటాదిరా."

నేను నవ్వి, స్విచ్ ఆపేసి, కరెంటు పొదుపు మీద చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆయన వేళ్లు ఇరుసు మీదే ఉన్నాయి. ఈసారి అది ఏ పట్టూ లేకుండా తిరిగింది.

మట్టి చేసి వచ్చాక కొట్టు తాళం నా చేతిలో పెట్టారు. యంత్రం కింద కొత్త రాయి ఒకటి ఉంది, నున్నగా, ఖాళీగా. ఎవరి కోసమో మామ చెప్పలేదు. పెన్నును చేత్తో పైకెత్తి స్విచ్ వేశాను. మోటార్లు సన్నగా మూలిగాయి. పెన్ను రాయికి వేలెడు ఎత్తున నిలబడింది. ఇరుసు తిప్పబోయాను. తిరగలేదు. పేరు గీయించవచ్చు. గీస్తే చెక్కేదెవరు?

తాళం వేస్తుంటే టీ అంగడి ఆమె చెవి ఒగ్గింది. "లోపల ఏందో గుయ్‌మంటాందబ్బీ."

"ఏం లేదు పెద్దమ్మా," అన్నాను.

మహాజనులారా, తప్పు నాది కాదని మొదట్లోనే అన్నాను. ఒక్కటి మాత్రం నాదే. స్విచ్ ఆపకుండా వచ్చేశాను.